బండిలో పక్క: ఒక ఆటవెలదికి ‘సుఖశయని’ వ్యాఖ్య

మూలము

వెనక సీటు మడచి వెసఁ బల్ల పఱచియు
బొంత నాల్గు మడత బుజ్జగించి
తలను మెట్టవైపు తగ నుంచి పడుకొన్న
ఘాటురోడ్డు మీఁద గాఢనిద్ర

అవతారిక

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడికి ముందుగా ఒక నమస్కారం. ఆయనకు పక్కతో పనిలేదు, ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటాడు. పనల్లా మనకే. కార్తీకం దాటి చలి ముదిరిందంటే మా ఊరి కుర్రకారుకు కొండ గుర్తొస్తుంది. శనివారం మధ్యాహ్నం బండి కడిగి, వడ్డాది మీదుగా మాడుగుల చేరి, హల్వా పొట్లం కట్టించుకుని, గరికబంద దగ్గర ఘాటెక్కి, పాడేరులో టీ తాగి, వంజంగి మేఘాల కొండ కింద రాత్రి గడిపి తెల్లవారుజామున పైకెక్కుతారు. కొందరు నర్సీపట్నం వైపు తిరిగి లంబసింగి పోతారు. ఎటు పోయినా సీజనులో శనివారం రాత్రి గది దొరకదు. దొరికినా దాని అద్దె విన్నాక నిద్ర పట్టదు. అందుకని బండే గది. ఆ బండిలో పక్క వేయడం ఎలాగన్నది ఈ పద్యానికి విషయం.

వ్యాఖ్యాతల్లో మేటి కోలాచల మల్లినాథసూరి, మెదకు సీమ వాడు. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అంత సాహసం చేయలేడు.

కవి కాలాదులు. సీటు మడిచాడు కనుక కవి ఎడ్లబండి కాలం వాడు కాడు. మారుతీ వ్యాను మన రోడ్డెక్కింది 1984లో. జీపుల మాట పక్కన పెడితే అంతకు ముందుకు పోనక్కర్లేదు. అయితే బొంత, మెట్ట అన్న మాటలు చూస్తే చెరుకు రైతు ఇంట పుట్టినవాడని తోస్తుంది. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు, గానుగ సీజనులో, చెరుకు ట్రాక్టర్లూ ఎడ్లబండ్లూ బారులు తీరిన రాత్రులు చూసినవాళ్ళకు ఈ ఊహ వింతగా ఉండదు. వంతు వచ్చేదాకా రైతు బండి కిందనే చెరుకు ఆకు పరిచి, దాని మీద బొంత వేసి, కండువా ముసుగు తన్నేవాడు. కింద ఆకు, పైన బొంత. ఈ శాస్త్రంలో మిగిలినదంతా దానికి వ్యాఖ్యానమే.

జిల్లా విషయంలో ఒక చిక్కుంది. పాతప్రతుల్లో విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలోకీ, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ పోయాయి. బండీ అదే, బొంతా అదే. అన్నం తిన్నది ఒక జిల్లాలో, పడుకున్నది ఇంకో జిల్లాలో.

టీక

వెనక సీటు = డ్రైవరు వెనుక నుండెడి యాసనమును; మడచి = ముందునకు వంచి (ఊడఁబెఱికి యని చెప్పరాదు, తిరిగి బిగించువాఁడు కొండ మీఁద దొరకఁడు గనుక); వెసన్ = వేగిరముగా; బల్ల = ప్లైవుడ్డు చెక్కను; పఱచియు = పఱచి; బొంత = పాత చీరలతోఁ గుట్టిన పక్కబట్టను; నాల్గు మడత = నాలుగు పొరలుగా; బుజ్జగించి = అనునయించి; తలను = శిరస్సును; మెట్టవైపు = ఎత్తుగా నున్న దిక్కునకు; తగన్ = ఒప్పునట్లుగా; ఉంచి = నిలిపి; పడుకొన్నన్ = శయనించినచో; ఘాటురోడ్డు మీఁదన్ = కొండదారియందును; గాఢనిద్ర = ఒడలెఱుఁగని నిద్ర (కలుగును అని అధ్యాహారము).

తాత్పర్యము

సీటు మడిచి, చెక్క వేసి, బొంత సర్ది, తల ఎత్తులో పెట్టి పడుకుంటే కొండదారిలో కూడా ఒళ్ళెరగని నిద్ర పడుతుంది.

విశేషములు

వెస. తొందరెందుకు? కొండ మీద డిసెంబరులో సాయంత్రం 5.30కే చీకటి. చీకటి పడ్డాక లోపల దీపం వేసుకుని, తలుపులు తీసిపెట్టి పక్క సర్దితే, సర్దడం పూర్తయ్యేసరికి దోమలు ముందే పడుకుని ఉంటాయి. ఏజెన్సీ దోమ అంటే మలేరియా దోమ; నవ్వులాట కాదు. కవి దోమతెర ఊసెత్తలేదు. ఆటవెలదిలో చోటు చాలక అని సరిపెట్టుకోవాలి.

బల్ల. ఇక్కడ పూర్వపక్షం మా బావది. ‘ఏటి బావా, సీట్లు వాల్చీసి పడుకుంటే సరిపోదేటి? ఈ బల్ల గోలేటి?’ అన్నాడు. సమాధానం: వాల్చిన సీటు కూర్చోడానికి పుట్టింది. నడుం దగ్గర పల్లం, మోకాళ్ళ కింద గట్టు. సీటు పూర్తిగా మడతపడే బండ్లలో కూడా మడిచిన చోట ఒక మెట్టు మిగులుతుంది. బొలెరో మాదిరి ఎదురెదురు బెంచీల బండిలో నడిమధ్య కాళ్ళు పెట్టుకునే గొయ్యి ఉంటుంది. ఆ మెట్టునూ గొయ్యినీ మింగేసేది బల్ల ఒక్కటే. 12 ఎం.ఎం. ప్లైవుడ్డు, అడుగున రీపర్లు కొట్టిస్తే ఇద్దరి బరువు కాస్తుంది. ఎనిమిది నాలుగుల షీటును మూడు ముక్కలు కోయించి, బందులు వేయిస్తే పగలు మడిచి సామాను చోట పెట్టేయొచ్చు. అంచులు ఉలితో గుండ్రం చేయించడం మరవద్దు. రాత్రి రెండింటికి కాలి మడమకు ఆ అంచు దొరుకుతుంది.

కోయించే ముందు కొలత ఒకటుంది. పొడుగు కాదు, ఎత్తు. బల్ల మీద, పక్క మీద మనిషి కూర్చుంటే తల టాపుకు తగలకూడదు. కింద సామాను పెట్టుకుందామన్న ఆశతో బల్లను ఎత్తుగా వేయించిన వాళ్ళు పడుకోగలరు గాని కూర్చోలేరు. చొక్కా తొడుక్కోవాలన్నా పడుకునే తొడుక్కోవాలి. పొడుగు చాలకపోతే ఐమూలగా పడుకోవచ్చు, ఒక్కడే ఉంటే.

అలంకారశాస్త్రంలో కూడా శయ్య ఉంది. కాకతీయుల కొలువులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో దాన్ని చెప్పాడు: పదాలు ఒకదానికొకటి స్నేహంగా అమరి, ఏ పదాన్నీ తీసి వేరొకటి పెట్టడానికి వీలు లేకుండా ఉండాలి. నమ్మకం లేకపోతే మూడు చెక్కల్లో నడిమిది తీసి చివర పెట్టి పడుకోండి. సీటు బెల్టు బకిలు డొక్కలో శాస్త్రం చెబుతుంది.

దారిలో ఇంత సుఖం కోరడం విలాసం కాదా అని బావ రెండో పూర్వపక్షం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. పాలకీ, బోయీలు, డేరాలు, పెద్ద పరివారం. మరుసటి ఏడు మన విశాఖ తీరం మీదుగానే తిరిగి వెళ్ళాడు. యాత్రాచరిత్ర రాసినవాడు నడుం విరిగేలా ప్రయాణించలేదు. అంతెందుకు, సింహాచలం చందనోత్సవానికి బయల్దేరిన మన పెద్దల గూడుబండ్లలో అడుగున ఎండుగడ్డి జానెడు మందాన ఉండేది. సుఖం ఎరగనిది వాళ్ళు కాదు, సీటు వాల్చి అదే పక్క అనుకునే మనం.

బొంత. ఇక్కడ పాఠాంతరం ఉంది. ‘పరుపు నాల్గు మడత’ అని కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. పకారానికి బకారంతో హల్లు కుదిరినా అచ్చు కుదరదు, యతిభంగం. తోసిపుచ్చవచ్చు. కాని ‘ఫోము నాల్గు మడత’ అన్న పాఠం ఒకటి పుట్టుకొచ్చింది. దానికి గణాలూ కుదురుతాయి, యతీ చెల్లుతుంది. పరుపుల షాపులో ఎవరో ఛందస్సు తెలిసినవాడున్నాడు. కనుక వాడిని అర్థంతోనే ఓడించాలి. ఫోము నాలుగు మడతలు పడదు. పడేసి కూర్చుంటే లేవగానే మళ్ళీ విప్పుకుంటుంది. బుజ్జగింపుకు లొంగే జాతి కాదు. బొంత అలా కాదు. అమ్మమ్మ చీర మీద అమ్మ చీర, దాని మీద పెద్దమ్మ చీర వేసి కుట్టిన వస్తువు. బల్ల అతుకు దగ్గర ఒక మడత ఎక్కువ, భుజం ఆనే చోట ఒకటి తక్కువ, తుంటి కింద చిన్న పల్లం: ఎలా చెబితే అలా వింటుంది. ‘బుజ్జగించి’ అన్న క్రియ కవి ప్రతిభకు గుర్తు. పద్యం మొత్తంలో ప్రాణమున్న మాట అదొక్కటే అని నా అభిప్రాయం.

గాలి పరుపుల వాళ్ళు కోప్పడవచ్చు గాని ఉన్నమాట చెప్పాలి. చోడవరంలో మేడ మీద గాలి పరుపు స్వర్గం. లంబసింగిలో అదే పరుపు మంచు దిమ్మ. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. చలి బాగా ముదిరిన తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు కథ చెబుతారు. అలాంటి చోట చలి పైనుంచి వస్తుందనుకుని రగ్గు మీద రగ్గు కప్పుతాం. వచ్చేది కిందనుంచి. బండి అడుగు ఇనుము, దాని కింద గాలి. పరుపులోని గాలి ఉన్నచోట ఉండక కిందికీ పైకీ తిరుగుతూ ఒంటి వేడిని కిందికి చేరవేస్తుంది. దూది, గడ్డి, గుడ్డ పొరలు గాలిని కదలకుండా పట్టి ఉంచుతాయి, అందుకే వెచ్చన. కాబట్టి మూడు రగ్గులుంటే రెండు కింద, ఒకటి పైన. బల్లకూ బొంతకూ మధ్య అట్టపెట్టెలు విప్పి పరిస్తే ఇంకా మేలు. అవి కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు. గోవాడ గేటు దగ్గర చెరుకు ఆకు చేసిన పని అదే.

మెట్టవైపు. ‘కాలు మెట్టవైపు’ అని చదివేవారున్నారు. గణాలు సరిపోతాయి గాని ‘కా’కు ‘త’తో యతి కుదరదు. యతిభంగం, నిద్రాభంగం రెండూ. తల పల్లంలో ఉంటే నెత్తురు తలకెక్కి పొద్దున్నే కణతలు పగులుతాయి, రాత్రి తిన్న హల్వా గొంతులోకి వస్తుంది.

ఇక అసలు వివాదం. తల ఉత్తరానికి పెట్టరాదని ఇంట్లో పెద్దలందరి మాట. బండి కదిలే ముందు మా అత్త కూడా ‘తల ఉత్తరానికెట్టకు నాయినా’ అని గుమ్మంలోంచి కేకేస్తుంది. చోడవరం నుంచి చూస్తే కొండ ఉత్తరాన, వాయవ్యాన ఉంది. ఘాటెక్కే కొద్దీ మెట్ట అంటే చాలా చోట్ల ఉత్తరమే. పద్యం పాటిస్తే అత్త మాట దాటినట్టు, అత్త మాట పాటిస్తే హల్వా గొంతులోకి. బండి తిప్పి నిలిపితే సరి అంటాడు బావ. బండి తిరుగుతుంది గాని కొండ తిరగదు. మలుపు మలుపుకూ దిక్కు మారుతుంది కదా, అనుకూలమైన మలుపులో ఆపుదాం అని ఇంకో వాదం. మలుపులో బండి ఆపేవాడితో శాస్త్రచర్చ వద్దు.

సిద్ధాంతం: మెట్ట అనేదే లేకుండా చేయాలి. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. లేదంటే సగం నీళ్ళున్న సీసాను బల్ల మీద అడ్డంగా పడుకోబెడితే నీళ్ళు ఎటు వాలితే అది పల్లం. పల్లం వైపు చక్రాల ముందు పలచటి రాళ్ళో పలకలో వేసి బండిని వాటి మీదికి మెల్లగా ఎక్కించాలి. తర్వాత హ్యాండ్‌బ్రేకు, గేరు, చక్రాల కింద అడ్డురాళ్ళు, మూడూ వేయాలి. జాకీ మీద ఎత్తి అలాగే పడుకోవడం మాత్రం ఆత్మహత్యా ప్రయత్నం. మట్టం కుదిరాక దక్షిణమో తూర్పో మీ ఇష్టం. అత్తా శాంతిస్తుంది, పద్యమూ చెడదు. పూర్తిగా కుదరని చోట ఉత్తరమైనా సరే, తల మెట్టకే. అత్తకు చెప్పనక్కర్లేదు.

కవి లోపం ఒకటి చెప్పక తప్పదు. తలకూ కాళ్ళకూ మధ్య వాలు గురించి చెప్పాడు గాని పక్కవాలు సంగతి మరిచాడు. ఇద్దరు పడుకున్న బండి ఎడమకు వాలి ఉంటే కుడివాడు రాత్రంతా ఎడమవాడి మీదికి దొర్లుతూనే ఉంటాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకు ఇది దోషం కాకపోవచ్చు. బావామరుదులకు మహాదోషం.

ఘాటురోడ్డు మీఁద. దీనికి వాచ్యార్థం చెబితే పోలీసు కేసు. గంగలో గొల్లపల్లె అంటే నీళ్ళలో ఇళ్ళు అని కాదు, గంగ గట్టున అని లక్షణార్థం చెప్పుకోవాలని శాస్త్రం. అలాగే ఘాటురోడ్డు మీద అంటే రోడ్డుకు దూరంగా, ఊరి దగ్గర, ఊరివాళ్ళను అడిగి ఆపుకున్న చోట అని. లారీలు బ్రేకు మీద దిగే దారి పక్కన కాదు, కొండ చరియ కింద అసలే కాదు.

గాఢనిద్ర. ఇది దీర్ఘనిద్ర కాకుండా చూసుకోవాలి. చలేస్తోందని ఇంజను ఆన్ చేసి, హీటరు వేసి, అద్దాలు బిగించి పడుకోరాదు. బండి పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ఆక్సిజను చోటును అది లాక్కుంటుంది, పడుకున్నవాడికి తెలివి రాదు. కుంపటి లోపల పెట్టుకోవడమూ అంతే. నెగడు బయట వేసుకుని, చలి కాచుకుని, నీళ్ళు పోసి ఆర్పి, అప్పుడు లోపలికి రావాలి. అద్దాలు రెండు వేళ్ళ సందు దించి, ఆ సందుకు దోమతెర గుడ్డ బిగించాలి. సందు లేకపోతే ఇద్దరి ఊపిరి రాత్రంతా అద్దాలకు పట్టి, తెల్లవారేసరికి చుక్కలుగా బొంత మీదే రాలుతుంది.

సూర్యోదయం చూడ్డానికి వచ్చినవాడికి గాఢనిద్ర వరమా శాపమా అన్న శంక మిగిలింది. వంజంగి ఎక్కాలంటే చీకటితోనే లేవాలి. పద్యంలో సూర్యుడి ప్రస్తావన లేదు. కవి ఎక్కి ఉండడని, బండిలోనే పడుకుని ఉంటాడని బావ వాదన. కావచ్చు. కాని లేవవలసిన వాడొకడు ప్రతి బండిలోనూ ఉంటాడు, సూర్యుడి కోసం కాదు. షుగరున్న మామయ్యను పక్క తలుపు వైపు పడుకోబెట్టాలి. చాలా బండ్లలో వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. ఆయన్ను అటు పడుకోబెడితే రాత్రి రెండింటికి బండిలో ఉన్న అందరి మీదుగా పాక్కుంటూ రావాలి. బండి తాళం కూడా ఆయన తలగడ కిందే ఉండాలి. చెప్పులు బయట వదలొద్దు, తెల్లారేసరికి మంచుకు తడిసి ముద్దవుతాయి.