మూసీది కాదు కదా?

ఆకుకూర కొనేటప్పుడు హైదరాబాద్ వినియోగదారులు జరిపే నీటి పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. పరికరాలు రెండే: ముక్కు, నోరు. పాలకూర కట్టను తలకిందులు చేసి వేళ్ల దగ్గర ఒకసారి వాసన చూస్తారు, ఆపైన "మూసీది కాదు కదా?" అని అడుగుతారు. "గాదమ్మా, చేవెళ్లది. బోరు నీళ్లే" అన్న జవాబుతో పరీక్ష ముగుస్తుంది. ఈ పరీక్షలో తప్పిన కట్ట ఇంతవరకు ఒక్కటీ లేదు. మూసీ ఒడ్డున మొలిచినవి కూడా బండెక్కేసరికి చేవెళ్లవే అయిపోతాయి మరి.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం దాటేసరికి, వానాకాలం తప్పిస్తే, అందులో పారేది చాలావరకు నగరం వాడి వదిలిన నీరే. అంబర్‌పేట, నాగోలు శుద్ధి కేంద్రాల మీదుగా కొంత వస్తుంది, ఏ కేంద్రం మొహమూ చూడకుండా కొంత వస్తుంది. దిగువన కత్వల నుంచి కాల్వలు తీసి రైతులు దానితోనే వరి, ఆకుకూరలు, పశువుల గడ్డి పండిస్తున్నారు. స్నానాల గది నుంచి గడప దాటేదాకా ఆ నీటికి పేరు లేదు. నదిలో పడ్డాకే పేరూ, పరువునష్టమూ. ముచుకుంద అన్న పాత పేరే వాడుకలో ఉంటే నెత్తిన చల్లుకునేవారేమో.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ 1980లలో, క్రిములు లేకుండా శుద్ధిచేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ముంచి తీసి చూశాడు. ప్రమాదం లేదని తెలిసినా ఆ రసం మీద జనానికి రోత పోలేదు. ఆయన దీనికి సిద్ధాంతం రాయాల్సి వచ్చింది. తెలుగిళ్లలో 'అంటు' అన్న రెండక్షరాలతో పని జరిగిపోతుంది. నీరు ఇప్పుడెలా ఉందన్నది అంటుకు పట్టదు, ఎక్కడ తిరిగి వచ్చిందన్నదే ఆరా.

ఈ అంటు కూడా అన్నిటికీ ఒకేలా అంటదు. ధాన్యం మిల్లుకెళ్లి, పాలిష్ పట్టించుకుని, దేవుడి బొమ్మ ఉన్న సంచిలోకి చేరేసరికి మైల వదిలిపోతుంది. మూసీ గడ్డి మేసిన గేదె పాలకైతే అసలే అంటదు. చిక్కగా ఉన్నాయన్న కితాబు కూడా దక్కుతుంది.

ఇక బోరు నీటి పాతివ్రత్యం. నల్లగొండలో బోర్ల ఫ్లోరైడ్ తరాల ఎముకలు వంచింది. పటాన్‌చెరు పరిసరాల్లో మందుల పరిశ్రమల వ్యర్థాలు భూగర్భ జలంలోకి దిగాయి. అయినా బోరు అన్న మాట చెవిన పడగానే కట్ట సంచిలోకి వెళ్తుంది.

భయం ఒట్టిదేం కాదు. శుద్ధి కాని మురుగులో రోగక్రిములు, పేగు పురుగుల గుడ్లు ఉంటాయి. ఫ్యాక్టరీల నీరు కలిస్తే సీసం వంటి భార లోహాలు కూడా. మొదటివి బాగా ఉడికిస్తే చస్తాయి, లోహాలకు చావు లేదు. ఆ లెక్కన పప్పులో కుతకుతలాడే పాలకూర కన్నా, చారు దించాక పైన పచ్చిగా చల్లే కొత్తిమీరను ఎక్కువ అనుమానించాలి. కానీ ముక్కు పరీక్షలో కొత్తిమీరది ఎప్పుడూ ఫస్టు క్లాసే, పైగా కొసరుగా వస్తుంది. కొంకిపురుగు మాత్రం వట్టికాళ్లతో మడిలో దిగిన కూలీ పాదంలోంచి లోపలికి పోతుంది. ఆ పాదం గురించి బండి దగ్గర ప్రశ్న లేదు.

కాలిఫోర్నియాలో కాస్ట్రోవిల్ చుట్టుపక్కల 1998 నుంచి శుద్ధిచేసిన మురుగునీటితో లెట్యూస్, స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో దాదాపు 90 శాతాన్ని శుభ్రం చేసి పొలాలకు పంపుతుంది. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన హైదరాబాదీ ఆ లెట్యూస్‌ను సలాడ్‌లో పచ్చిదే తిని, ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టి, ఇక్కడి పాలకూర మీద జాలిపడతాడు.

స్వదేశంలో ఈ రోతకు వేళాపాళా ఉంది. పొద్దున తాజా కట్టల దగ్గర అది ఉధృతంగా ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటాక, మిగిలిన వాడిపోయిన కట్టలు పదికి నాలుగు అని అరిచే బండి దగ్గర, మూసీ పేరెత్తేవారు కనిపించరు. ఐదివ్వమని అడిగేవారు మాత్రం ఉంటారు.