నీలం పలకల యుద్ధం

అమెరికాలో ఉండే మా అక్క కొడుకు సెలవులకు అనంతపురం వస్తూ ఒక యుద్ధాన్ని పెట్టెలో సర్దుకొచ్చాడు. దాని పేరు హీరోస్కేప్. హాస్‌బ్రో కంపెనీ 2004లో తెచ్చిన ఆట. వైకింగులు, సమురాయ్‌లు, రెండో ప్రపంచ యుద్ధపు పారాచూట్ సైనికులు, ఒక డ్రాగన్ కాలంతో పనిలేకుండా కొట్టుకుంటారు. తెలుగు సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. వింతంతా నేలలో ఉంది. ఆరు మూలల ప్లాస్టిక్ పలకలు బోలెడు. పచ్చనివి గడ్డి, బూడిదరంగువి బండ, లేతపసుపువి ఇసుక, నీలంవి నీళ్లు. ఒకదాన్నొకటి తగిలించి, ఒకదానిమీదొకటి పేర్చి ఎవరి రణరంగం వాళ్లు కట్టుకోవచ్చు.

వాడు వసారా నిండా పచ్చిక పరిచి, నడుమ ఏరు పారించాడు. మా అమ్మ మంచం మీంచి వంగి చూసింది.

"యా ఊరు నాయనా ఇది? కోనసీమా?"

"మన ఊరే అవ్వా."

"అట్లయితే ఆ పచ్చవి తీసెయ్."

తీశాడు. ఏటిలోని నీలం పలకలు కూడా పీకించి, ఆ చోట ఇసుకవి పెట్టించి, "ఇప్పుడు పెన్నేరు మాదిరుంది" అంది.

ఆమె తప్పేం లేదు. నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలే పిండేసుకుంటాయి. ఈశాన్యం కోస్తాలోనే అలిసిపోతుంది. మాకు మిగిలేది ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్లు. అదీ శనక్కాయ విత్తేటప్పుడు రాదు, పీకి ఆరబెట్టినప్పుడు వస్తుంది.

ఆటలో ఒక రూలుంది. నీళ్లలో కాలుపెట్టిన సైనికుడు ఆ ఎత్తుకి అక్కడే ఆగిపోవాలి. వాడు చదివి వినిపిస్తే అమ్మ ఆశ్చర్యపోయింది. "ఆగక? నీళ్లు కనపడినాక బిందె నింపుకోకుండా ఎవరన్నా పోతారా?"

ఇంకో రూలు, ఎత్తుమీద ఉన్నవాడికి ఒక పాచిక అదనం. దీంతో మాత్రం నాకు పేచీ ఉంది. మా గుత్తి కోట నేలమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కొండకొమ్మున మురారిరావు గద్దె అని ఒక చిన్న మంటపం ఉంది. ఆ మరాఠా దొర అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, ఉయ్యాల ఊగేవాడని చెబుతారు. కింద లోయ చూస్తే మనకు కూర్చోవడానికే కాళ్లు వణుకుతాయి. అదనపు పాచికలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. 1776లో హైదరాలీ వచ్చి నెలల తరబడి కింద కాచుకు కూర్చున్నాడు. పైన దొనలు ఎండిపోయాయి. సంధి మాటలు నడుస్తుండగా, కోటలో నీళ్లు అయిపోయిన సంగతి కోట తరఫున పూచీగా వెళ్లిన కుర్రవాడే శత్రువుల విందులో నోరు జారాడని కథ. హైదరు సంధి మానేసి ముట్టడి మళ్లీ మొదలుపెట్టాడు. కోట దక్కింది. మా జిల్లాలో ఈ ఆట ఆడాలంటే ముందు చూడాల్సింది నీలం పలకలు ఎవడి జేబులో ఉన్నాయన్నదే.

హీరోస్కేప్‌ను 2010లో ఆపేశారు. 2024లో వేరే కంపెనీ మళ్లీ తెచ్చింది. ఆ నడుమ ఏళ్లలో పాత పెట్టెల కోసం జనం ఎంతెంత పెట్టి కొన్నారో వాడు చెబుతుంటే అమ్మ వినలేదు. బొగ్గుముక్కతో బండమీద పులిమేక గీతలు గీస్తోంది. 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతపిక్కలు. పులి దూకాలంటే మేక వెనక గడి ఖాళీగా ఉండాలి. ఆమె ఖాళీ ఉంచితే కదా! డ్రాగన్‌ను నడిపిన మొనగాడి మూడు పులులూ కాసేపటికే కదల్లేక మూల చేరాయి.

"అవ్వా, ఈ సెట్టు ఎక్కడ దొరుకుతుంది?"

"చింతచెట్టు కింద."

"కొత్త సెట్లు వస్తుంటాయా?"

"ఎందుకు రావు? చెట్టు కాస్తే."