ఒకటే బడి ఉన్న రోజుల్లో

మా రోజుల్లో పిల్లాణ్ణి ఏ బళ్లో వేయాలన్న చర్చ ఏ ఇంట్లోనూ జరగలేదు. ఊళ్లో ఉన్నదే ఒకటి, సమితి వారి ప్రాథమిక పాఠశాల. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే ఒకటో తరగతి, అందకపోతే మరుసటేడు. పుట్టినరోజు పంతులుగారే జులై ఒకటో తారీకని వేసేసేవారు. ఇంటర్వ్యూ అంటే అంతే.

ఇప్పుడా ఇంటర్వ్యూ తల్లిదండ్రులకట. హైదరాబాదులో మా అమ్మాయి కొడుకుని ఎల్‌కేజీలో చేర్చడానికి వెళితే, నాన్నగారేం చదివారు, అమ్మగారు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా అని ఆరా. విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. చేర్చుకునేటప్పుడు పిల్లల్ని గానీ కన్నవాళ్లని గానీ ఇలా జల్లెడ పట్టకూడదనీ, పడితే మొదటి తప్పుకి పాతిక వేల దాకా జరిమానా అనీ 13వ సెక్షన్లో రాసుంది. ఆ మాట అంటే మా అల్లుడు నా కాలు తొక్కాడు. సీటు పోతుందని భయం. తల్లిదండ్రులకి బడిని ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వాలని వాదించే మేధావులు ఓసారి ఆ గదిలో కూర్చుంటే తెలుస్తుంది, ఎవరిని ఎవరు ఎంచుకుంటున్నారో.

మా బడి గొప్పదని నేననను. రెండు గదులు, ఒక వసారా. మధ్యాహ్నం కేర్ సంస్థ వాళ్ల ఉప్మా. పసుప్పచ్చని రవ్వని అమెరికా నూనెలో పెద్ద బాండీలో ఉడికించి విస్తరాకుల్లో పెట్టేవారు. ఆ నూనె వాసన ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆ వరసలో కరణంగారబ్బాయి ఉన్నాడు, మునసబుగారి మనవడున్నాడు, చాకలి వీధి పిల్లలున్నారు. వసారా కురిస్తే కరణంగారబ్బాయి పలకా తడిసేది. మర్నాటికల్లా కరణంగారు సమితి ఆఫీసులో ఉండేవారు, వారం తిరిగేసరికి తాటాకు పడేది. పంతులుగారు రెండు రోజులు రాకపోతే మునసబుగారు మనిషిని పంపేవారు. బడి నడిచింది పంతులుగారి నిష్ఠ ఒక్కదాని వల్లే కాదు, నోరున్నవాడి బిడ్డ కూడా అక్కడే కూర్చోవడం వల్ల.

పేటలో పిల్లలు సగం మంది బడి మొహమే చూడలేదనీ, వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర కూర్చునేవారనీ, ఆడపిల్లల్ని ఐదో తరగతి కాగానే మాన్పించేవారనీ మా మేనల్లుడు గుర్తు చేస్తాడు. నిజమే. మా అక్కనీ మాన్పించారు. ఆ సిగ్గు మాదే. అయినా దానికి మందు ఆ పేట పిల్లల్ని లోపలికి తీసుకురావడం గానీ, మనం బయటికి పోవడం కాదు కదా.

పోయాం. ఎనభైల్లో పక్క ఊళ్లో కాన్వెంటు వెలిసింది. ముందు పెద్దిళ్ల పిల్లలు, తరవాత రైతుల పిల్లలు, చివరికి కూలికెళ్లేవాళ్లు కూడా అప్పు చేసి పంపారు. వాళ్లని ఏమనగలం? ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ ఇంచుమించు సగం మంది ప్రైవేటులోనే. ఊరి బడికి బెంచీలొచ్చాయి, నాడు-నేడు పథకంలో రంగులొచ్చాయి, మరుగుదొడ్లొచ్చాయి. పిల్లలు లేరు. పిల్లలు లేరని 2022లో ఆంధ్ర ప్రభుత్వం జీవో 117 తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దూరంగా ఉన్న హైస్కూళ్లలో కలిపింది. తరవాత వచ్చిన ప్రభుత్వం దాన్ని తీసేసి మరో పద్ధతి పెట్టింది. బోర్డు మీద పేరు మార్చే పెయింటరుకి మాత్రం ఏటా పని.

డబ్బు మాటకొస్తే, 2020లో అమ్మఒడి అని తల్లి ఖాతాలో 15 వేలు వేశారు. ఇప్పుడది తల్లికి వందనం, ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అందరికీ. మంచిదే. అయితే సర్కారు బడికి పంపినా ఆ డబ్బే, ప్రైవేటుకి పంపినా ఆ డబ్బే. ఆ 15 వేలు ఎక్కడికి చేరుతున్నాయో ఫీజు కౌంటరు దగ్గర ఓ పూట నిలబడితే చాలు.

ప్రైవేటులో అంత చదువు ఉందా అంటే, దీన్నీ కొలిచారండోయ్. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాలు, 180 గ్రామాలు. సర్కారు బడి పిల్లల్లో చీటీలు తీసి, పేరొచ్చినవాళ్లకి ప్రైవేటు ఫీజు కట్టారు. నాలుగేళ్ల తరవాత పరీక్ష పెడితే, తెలుగులో గానీ లెక్కల్లో గానీ ఇటు వాళ్లకీ అటు వాళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు, సర్కారు బడిలో ఆ వయసుకి హిందీ చెప్పరు కనక. వెనక మిగిలిపోయినవాళ్లకి నష్టమేమీ కనపడలేదని కూడా రాశారు. నాలుగేళ్లలో ఏం కనపడుతుంది, నలభై ఏళ్లు మా ఊళ్లో కూర్చుని చూడమనండి!

అయితే ప్రైవేటులో పిల్లాడికయ్యే ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతు కన్నా తక్కువని తేలింది. తక్కువ ఖర్చుకి అంతే చదువొస్తుంటే అదే నయం కదా అని పత్రికల్లో మురిసిపోయారు. ఆ ఆదా ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగరేం? అక్కడ పంతులు జీతం సర్కారు పంతులు జీతంలో ఆరోవంతు. డిగ్రీ అయిన ఆడపిల్ల పొద్దస్తమానం నిలబడి పాఠం చెప్పి, నోట్సులు దిద్ది, మే నెలలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగితే మిగిలిన డబ్బది.

మా మేనల్లుడు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ మనవాళ్లు ఇల్లు కొనేముందు చూసేది వంటిల్లు కాదు, ఆ ఇల్లు ఏ బడి పరిధిలోకి వస్తుందని. ఆ బడి సర్కారుదే, ఫీజు లేదు! ఇక్కడ సర్కారు బడి పక్కనున్నా కన్నెత్తి చూడనివాళ్లం అక్కడ దానికోసం డబ్బు కుమ్మరిస్తాం. ఇప్పుడు ఆ అమెరికా వాళ్లకీ మన ప్రైవేటు రోగం పట్టింది. బడికిచ్చే డబ్బేదో తల్లిదండ్రుల చేతికే ఇవ్వమని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో రాసిన మాట పట్టుకుని, 2025లో టెక్సస్ చట్టం చేసింది. వంద కోట్ల డాలర్లు. ప్రైవేటు బడికి వెళ్లే పిల్లాడికి ఏడాదికి సుమారు పదివేల డాలర్లట. అక్కడ కొట్టుకు చస్తున్నారు దీని మీద. మనం చర్చే లేకుండా ఎప్పుడో కానిచ్చేశాం.

నాకు నచ్చిన సంస్కరణ ఒక్కటే. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ సుధీర్ అగర్వాల్ తీర్పిచ్చారు, సర్కారు ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, జడ్జీలు తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక పాఠశాలలకే పంపేలా చూడమని. ఆరు నెలల గడువిచ్చారు. ఆరేమిటి, పదేళ్లు దాటింది. మన దగ్గర అలాంటిది వస్తే ముందు కోర్టుకెక్కేది సర్కారు పంతుళ్లేనంటాడు మా మేనల్లుడు. పంతుళ్లని అంత మాటనకురా అందామనుకున్నాను. మా కోడలు మండల పరిషత్ పాఠశాలలో టీచరు. కూతుర్ని టెక్నో స్కూల్లో వేసింది. ఆ మాట తనతో ఎత్తితే ఆ పూట కాఫీ రాదు.