జీకే వీధి కోడలు

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లిన మొదటి వారంలోనే విశాఖపట్నం నాకు పరీక్ష పెట్టింది. ఓనరు గారు వాలుకుర్చీలో కూర్చుని ముందు మా ఆయన జీతం అడిగారు, తర్వాత నా ఊరు అడిగారు.

"జీకే వీధండి."

"వీధి సరేనమ్మా, ఊరు?"

"అదే ఊరండి."

"ఊరడిగితే వీధి చెప్తావేంటమ్మా? ఏ ఊళ్లో వీధి అది?"

మా ఆయన కల్పించుకుని, "గూడెం కొత్తవీధండి, ఏజెన్సీ" అన్నారు. ఓనరు గారి మొహం వెలిగింది. "గ్యాస్ ఏజెన్సీయా? ముందే చెప్పరేం! మా రెండో సిలిండరు బుక్ చేసి పది రోజులైంది."

ఆయన్ననడానికేం లేదు. 1839లో దొరలు ఒక చట్టం చేసి, ఈ కొండలకి మామూలు కోర్టులూ కచేరీలూ పనికిరావని తేల్చారు. కలెక్టరునే గవర్నరు గారి ఏజెంటుగా కూర్చోబెట్టారు. ఏజెంటు ఏలే చోటు గనక ఏజెన్సీ అయింది. దొరలు వెళ్లిపోయారు, బోర్డు మాత్రం అలాగే వేలాడుతోంది. సిలిండరు కోసం ఎదురుచూసే మనిషికి ఆ బోర్డు చూస్తే ఆశ పుట్టదా మరి.

ఇంతలో వాళ్లమ్మాయి పుస్తకం చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. పోటీ పరీక్షలకి చదువుతోందట. "జీకే వీధంటే జనరల్ నాలెడ్జి వీధా ఆంటీ?" అంది. పెళ్లయి అప్పటికి ఇరవై రెండు రోజులు. ఆంటీని అయిపోయాను.

పేరు పొట్టి చేసుకున్నది మేమొక్కళ్లమే అయితే సిగ్గుపడొచ్చు. ఈ ఊళ్లో మువ్వలవానిపాలెం కూడా ఎంవీపీ కాలనీ అయింది. వాళ్ల పేరు పొట్టిదయ్యాక గజం ధర పెరిగింది. మా పేరు పొట్టిదయ్యాక బస్సు బోర్డు మీద ఖాళీ జాగా పెరిగింది.

అసలు నేను పరాయి జిల్లాకి కోడలిగా రానేలేదు. 2022 ఏప్రిల్ 4 దాకా మాదీ విశాఖపట్నం జిల్లాయే. ఆ రోజు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా పెట్టి మమ్మల్ని విడదీశారు. నాకంటే ముందు మా జిల్లాయే వేరు కాపురం పెట్టుకుందన్నమాట. నాకు అత్తారిల్లయిన ఊరు మా జిల్లాకి పుట్టిల్లు. వరస తేలక ఇప్పటికీ తికమకపడుతుంటాను.

ఇక్కడికి రాకముందు మూడిళ్లు చూశాం. మొదటి ఇంట్లో ఓనరమ్మ మంచినీళ్లిచ్చి, "మీరేంట్లు?" అని అడిగింది. మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికెళ్లి, వచ్చి, "అయ్యో, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడమ్మా, ఇల్లు వాడికే కావాలి" అంది. రెండో ఇంట్లో మా ఆయన అదే నిజాన్ని కాస్త నెమ్మదిగా చెప్పారు. ఆ ఇంటబ్బాయి కూడా వచ్చేస్తున్నాడట. మూడో ఇంట్లో అల్లుడు. ఆ వారం మేం ఇంకో పది ఇళ్లు చూసుంటే అమెరికాలో ఒక్క తెలుగువాడు కూడా మిగిలేవాడు కాదు.

నాలుగో ఇంటి ఓనరు గారికి కొడుకులు లేరు. ఆయన "మీరేంట్లు" అని అడిగి, జవాబు విని, కాసేపు ఆలోచించి, "లంబసింగి మీకు దగ్గరేనా?" అన్నారు. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి, ఆ తర్వాత చింతపల్లి, అదీ దాటి పైకొస్తే మా మండలం అని చెప్పాను. "డిసెంబరు 31కి రూము దొరకట్లేదమ్మా, టెంట్లలో పడుకోలేం, నాకసలే ఆయాసం" అని, అడ్వాన్సులో ఒక నెల తగ్గించారు. చలికి రేటు కట్టి అద్దెలో మినహాయించుకోవచ్చని ఆ రోజే తెలిసింది. మా ఊళ్లో ఎంత చలి వృథా అయిపోతోందో!

ఇల్లు దొరికితే కాపురం మొదలైనట్టు కాదు. కంప్యూటరు ఒప్పుకోవాలి. వార్డు సచివాలయానికి వెళ్తే అక్కడి అమ్మాయి తెర చూసి, "మేడం, మీరింకా మీ నాన్నగారి మ్యాపింగులోనే ఉన్నారు" అంది. పెళ్లి సర్టిఫికెట్టు చూపించాను. "అది మాకు తెలుస్తోంది మేడం, సిస్టమ్‌కి తెలియట్లేదు" అంది. నాన్న ఇంటి నుంచి నన్ను తీసేస్తేనే మా ఆయన ఇంట్లో కలుస్తానట. పెళ్లిలో అప్పగింతలు ఒక్కసారే ఏడిపిస్తాయి. సర్వరు అప్పగింతలకి నాలుగుసార్లు తిరిగాను.

ఓటీపీ నాన్న ఫోనుకి వెళ్తుంది. మా ఊరు మండల కేంద్రం నుంచి ఇంకా లోపలికి. సిగ్నలు కావాలంటే మామిడిచెట్టు గట్టు ఎక్కాలి. ఎక్కడానికి అరగంట. ఓటీపీ ఆయుష్షు పది నిమిషాలు. మొదటి రోజు నాన్న గట్టెక్కేసరికి అది కాలం చేసింది. రెండో రోజు పొద్దున్నే అంబలి తాగి, గొడుగు పట్టుకుని, ముందే గట్టెక్కి కూర్చున్నారు. ఆ రోజు ఇక్కడ సర్వరు డౌను. మూడో రోజు అన్నీ బాగున్నాయి, నాన్న ఫోనులో ఛార్జింగు లేదు. నాలుగో రోజుకి ఆరు అంకెలు కొండ దిగి విశాఖపట్నం చేరాయి. నాన్న ఫోనులో, "అమ్మా, నిన్ను తీసేశారంట, మెసేజి వచ్చింది" అన్నారు. కల్యాణ మండపంలో ఏడవని మనిషి గొంతు అక్కడ వణికింది.

ఛార్జింగు అంటే గుర్తొచ్చింది. మా అపార్ట్‌మెంటులో పావుగంట కరెంటు పోతే అయిదు అంతస్తుల వాళ్లూ కారిడార్లోకొచ్చి, దగ్గరి బంధువు పోయినట్టు ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటారు. ఆ చీకట్లో పక్కింటావిడ నా వీపు మీద చెయ్యేసి, "మీ అడవిలో కరెంటు లేకుండా ఎలా పెరిగావమ్మా పాపం" అంది. మా మండలంలోనే సీలేరు ఉందండీ, ఎగువ సీలేరు కేంద్రం 240 మెగావాట్లు, 1960ల చివర్నుంచి తిరుగుతోంది అన్నాను. "అయితే మీకు ఫ్రీయా?" అంది. కరెంటు తీగలు కొండ గూడేల నెత్తి మీంచే పల్లానికి దిగాయి. వాటి కిందనే చిమ్నీ పెట్టుకుని చదువుకున్నవాళ్లు మావాళ్లలో బోలెడుమంది. అదంతా చెబుదామనుకునే లోపు లైట్లొచ్చేశాయి. అందరూ తలుపులేసుకున్నారు.

నీళ్లకీ కరెంటుకీ బిల్లు కట్టడం త్వరగానే అలవాటైంది. కాఫీ దగ్గర మాత్రం తేరుకోలేకపోయాను. పెళ్లయిన మొదటి నెల గుర్తుగా మా ఆయన బీచ్ రోడ్డు వైపు ఒక కాఫీ షాపుకి తీసుకెళ్లారు. కప్పు 240 రూపాయలు. సీలేరు మెగావాట్లూ కాఫీ కప్పూ ఒకటే లెక్క, యాదృచ్ఛికం కావొచ్చు. గడ్డం పిల్లాడొకడు వచ్చి, "మేడం, ఇందులో బెల్లం, నారింజ తొక్క, కొంచెం మట్టివాసన తెలుస్తాయి, గమనించండి" అన్నాడు. మట్టివాసన సంగతి నాకు వదిలెయ్యి నాయనా అనుకున్నాను. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఎర్రపళ్లు ఏరి ఏరి గోళ్లలో ఇరుక్కున్న మట్టి అది.

చిత్రమేంటంటే మా ఇంట్లో ఎవరూ కాఫీ తాగరు. అమ్మకి పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, ఉండాలి. కాఫీ అంటే అమ్మేది, అంబలి అంటే తాగేది. ఇక్కడికొచ్చి చూస్తే బీచ్‌లో నడకకొచ్చే వాళ్లు గ్లాసు రాగి జావకి డబ్బులిచ్చి క్యూలో నిలబడుతున్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసిందని పక్కింటావిడ చెప్పింది. మా అమ్మమ్మ బతికినన్నేళ్లూ చిరుధాన్యాల సంవత్సరాలే, పాపం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కప్పు మీద "అరకు" అని రాసుంది. మా ఊరి కాఫీ గింజ కూడా కొండ దిగాక అరకు అనే ఇంటిపేరుతోనే చలామణీ అవుతుంది. 2019లో ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో దుకాణం తెరిచారు. అత్తారింటికెళ్తే ఇంటిపేరు మారేది ఆడపిల్లకే అనుకున్నాను, గింజకీ తప్పలేదు. పారిస్‌లో దానికి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మాత్రం "మీరేంట్లు" అని ఎవరూ అడిగి ఉండరు.

ఓనరు గారి అమ్మాయి నన్ను ఆంటీ నుంచి అక్క చేసింది గాం మల్లుదొర పుణ్యాన. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని బిట్లు చదువుతుంటే, "నేనొకటి అడగనా? మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎవరు గెలిచారు?" అన్నాను. లంకా సుందరం పేరు చెప్పింది. అప్పుడు ఇక్కడ రెండు సీట్లు, రెండో ఆయనెవరు అన్నాను. తెలియదు. గాం మల్లుదొర. అల్లూరి దండులో మనిషి, గాం గంటందొర తమ్ముడు. ఏళ్ల తరబడి జైల్లో మగ్గి వచ్చి, 1952లో ఇక్కణ్నుంచే ఢిల్లీకి వెళ్లాడు. పిల్ల పుస్తకం వెనకా ముందూ తిరగేసి, "మా బిట్ బ్యాంకులో లేదక్కా, అయితే పరీక్షకి రాదు" అని తేల్చేసింది. రాకపోతే పోనీ. ఏజెన్సీ మనిషికి ఢిల్లీలో చోటిప్పించిన ఊరు ఇదే. నాకు ఈ ఊళ్లో చోటు దొరకడానికి మాత్రం ఓనరు గారి ఆయాసం, లంబసింగి చలి రెండూ కలిసిరావాల్సొచ్చింది.

ఇక డోలీ కథ చెప్పాలి. చెప్పకపోతే మా అపార్ట్‌మెంటు వాళ్లు ఊరుకోరు.

మొన్న వర్షాల్లో లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఇరుక్కుపోయింది. అదే రాత్రి అయిదో అంతస్తులో ఓనరు గారి తల్లికి జ్వరం పెరిగి స్పృహ తప్పుతోంది. ఎనభై దాటిన మనిషి. కింద 108 వచ్చి నిలబడింది. స్ట్రెచరు మెట్ల మలుపు తిరగట్లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే ఆవిడ జారిపోతోంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అప్పటికే యాభై మెసేజీలు. సగం "గెట్ వెల్ సూన్", మిగతా సగం లిఫ్టు మెయింటెనెన్సు ఎవరెవరు కట్టలేదో ఆ జాబితా.

నేను సెల్లారులోకి పరుగెత్తాను. వినాయక చవితి పందిరికి వాడిన వెదురు అక్కడే ఉంది. మందపాటి దుప్పటి తెచ్చి, రెండు కొసలూ కర్రకి బిగించి, ముసలావిణ్ని అందులో పడుకోబెట్టాం. మా ఆయనా వాచ్‌మనూ ముందు, ఇద్దరు కుర్రాళ్లు వెనక. "దిగేటప్పుడు ముందువాళ్లు కర్ర పైకెత్తండి, వెనకవాళ్లు వంగండి, అడుగు కలపండి" అని మెట్టుమెట్టుకీ అరుస్తూ దించాను. ఆరు నిమిషాలు పట్టింది. ఆవిడ బతికి బట్టకట్టింది. ఇప్పుడు నా పేరు చెబితే గోంగూర పచ్చడి పంపిస్తోంది.

కుర్రాళ్లెవరో వీడియో తీశారు. మర్నాటికి అది ఊరంతా తిరిగింది. జనం ఔరా అన్నారు. మా దగ్గర ప్రతి వానాకాలం జిల్లా పేజీలో ఈ ఫొటో పడుతుంది. గర్భిణి, దుప్పటి, కర్ర, నలుగురు మనుషులు. చూసి చూసి దాన్నెవరూ వింత అనుకోరు.

లిఫ్టు మెకానిక్కు మూడో రోజుకి వచ్చాడు. అసోసియేషను మీటింగు పెట్టింది, "అపార్ట్‌మెంటులో డోలీ మన నాగరికతకే సిగ్గుచేటు" అని సెక్రటరీ గారు కళ్లు తుడుచుకున్నారు, తలా రెండు వేలు వేసుకుని కొత్త మోటారు పెట్టించారు. నాన్నకి ఫోనులో ఇదంతా చెబితే ఆయన్ని ఆశ్చర్యపరిచింది ఒక్కటే. "మూడు రోజులకే వచ్చాడా? ఏ పార్టీ మనిషమ్మా?"

నాన్నకి ఆ అనుమానం రావడంలో వింతేం లేదు, మా రోడ్డు కథ అలాంటిది. దొరల కాలంలో గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ మావాళ్ల చేత చింతపల్లి ఘాట్ రోడ్డుకి చాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేయడం వెనక ఆ కడుపుమంట కూడా ఉంది. నూరేళ్ల కిందట రోడ్డు పని చేయించినందుకు తిరగబడ్డారు. ఇప్పుడు రోడ్డు పని చేయించండి బాబోయ్ అని దరఖాస్తులు పెడుతున్నారు. సోమవారం సోమవారం పెడుతున్నారు. రసీదులు నాన్న రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

చలికాలం దగ్గర పడుతోంది. ఓనరు గారు డిసెంబరు 31కి బ్యాగులు సర్దేశారు. తల్లిని కూడా తీసుకెళ్తారట, ఆవిడ మా ఊరు చూస్తానని పట్టుబట్టింది. మీరూ వస్తే లంబసింగి దగ్గర మంచుతో ఫొటో దిగి వెనక్కి తిరక్కండి. చింతపల్లి దాటి పైకి రండి. బస్సు దిగి జీకే వీధి ఎక్కడని అడక్కండి, మీరు నిలబడ్డదే ఊరు. అక్కణ్నుంచి మా ఇంటికి సగం దారి జీపెళ్తుంది, మిగతాది నడవాలి. మీతో పెద్దవాళ్లుంటే ఒక రోజు ముందు కబురు చెయ్యండి. వెదురు మా దగ్గరుంది.