చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఐర్లండ్

2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ జనం అడుగు కదలకుండా జిల్లా మారిపోయారు. రాత్రి కృష్ణా జిల్లాలో పడుకుని పొద్దున్నే ఎన్టీఆర్ జిల్లాలో లేచారు. బర్రె అదే, పాలూ అవే, పాలల్లో నీళ్లూ అవే. కాగితం మీద అడ్రసు మాత్రం కొత్తది. ఇదేం విద్యరా అని మావాళ్లు నోరెళ్లబెట్టారు గానీ, ఐర్లండ్ ఈ విద్యతోనే షావుకారైంది.

2015లో తమ జీడీపీ ఒక్క ఏడాదికే 26 శాతం పెరిగిందని ఆ దేశం మరుసటేడు జులైలో ప్రకటించింది. ఊరూరా ఫ్యాక్టరీలేం లేవలేదు. బహుళజాతి కంపెనీలు పేటెంట్లూ గట్రా డబ్లిన్ అడ్రసుకి మార్చుకున్నాయి. అద్దెకు తిరిగే విమానాలూ ఆ పద్దులోకే ఎక్కాయి. వాటిల్లో చాలావాటి చక్రం ఐర్లండ్ నేలకి తగిలిందే లేదు. ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దీనికి ‘లెప్రికాన్ ఎకనామిక్స్’ అని పేరెట్టాడు. లెప్రికాన్ అంటే అక్కడి కథల్లో బంగారం కుండ దాచే పొట్టి మాయగాడు లెండి.

మాకూ ఇదే లెక్క కట్టాలని నా డిమాండు. హైదరాబాదు–విజయవాడ హైవే మీద మాకు ఇటు చిల్లకల్లు, అటు కీసర, రెండు టోల్‌గేట్లున్నాయి. గేటు దగ్గర ఫాస్టాగ్ కుయ్‌మన్నప్పుడల్లా లారీలో సిమెంటు బస్తాలు, మిర్చి టిక్కీలు, పత్తి బేళ్లు, ఫ్రిజ్‌లు, కారులో పోతున్న పెళ్లికూతురి వడ్డాణంతో సహా మా ఉత్పత్తి కిందే రాసేస్తే, ఐర్లండ్ మా దగ్గర చేబదులుకొస్తుంది. బొత్తిగా చుట్టరికం లేదనకండి. పక్కనున్న మేళ్లచెరువు సిమెంటు కంపెనీలో 2008లో సగం వాటా కొన్న సీఆర్‌హెచ్ ఐర్లండ్‌దే. మా వైపు సున్నపురాయికీ డబ్లిన్‌కీ వియ్యం ఎప్పుడో కుదిరింది.

పాపం, ఐరిష్ వాళ్లు మర్యాదస్తులు. 2017లో పరాయి సొమ్ము తీసేసి, మనదంటూ ఎంత మిగిలిందో చూసుకోడానికి ఇంకో లెక్క మొదలెట్టారు. నేనూ మా టోల్‌గేటుకి ఆ తీసివేత చేశాను. లారీలు పోగా, సరుకు పోగా, ఉడకేసిన పల్లీల గంప పెట్టుకున్న పిన్ని మిగిలింది. పొట్లం పది రూపాయలు. చుట్టేది ఎవరిదో పదో తరగతి లెక్కల నోటు. 2021లో ఫాస్టాగ్ అందరికీ తప్పనిసరి చేశాక బండి ఆగేదే క్షణం, గంపెత్తుకుని పరిగెత్తేలోపు గేటు లేస్తోంది.

ఆమెకి ఆపిల్ ఫోన్ల కంపెనీ కథ చెప్పాను. ఆ కంపెనీ నుంచి 1,300 కోట్ల యూరోల పన్ను వసూలు చేసుకోమని 2016లో యూరోపియన్ కమిషన్ చెబితే, మాకొద్దని ఐర్లండ్ సర్కారే కోర్టుకెక్కింది. 2024 సెప్టెంబరులో ఓడిపోయి, తీసుకోక తప్పలేదు.

పిన్ని నోట్లో పల్లీ నమలడం ఆపింది. “వచ్చే డబ్బు వద్దని లాయర్ని పెట్టుకున్నారా నాయనా?”

“అవును పిన్నీ.”

“ఆ లాయరుకి మటుకు ఫీజు ఇచ్చారుగా?” అంటూనే గంపెత్తుకుని లేచింది. మూడో లైన్లో ఎవరిదో ఫాస్టాగ్ పనిచేయక కారాగింది.