బోర్డు మారింది, పాఠం మారిందా?

యూనివర్సిటీ మాస్టార్లకు పాఠం చెప్పడం నేర్పాలని 1986 జాతీయ విద్యావిధానం సంకల్పించింది. అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలిశాయి. కొన్నాళ్లకు అవే మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలు. బోర్డులు రాసే పెయింటరుకు మాత్రం చేతినిండా శిక్షణ దొరికింది!

ఇక మాస్టారి సంగతి. శిక్షణ పొందినట్టు రిఫ్రెషర్ కోర్సు సర్టిఫికెట్ ఉంటేనే ప్రమోషన్ ఫైలు కదులుతుంది. కాబట్టి ఆన్‌లైన్ కోర్సులో ఆయన పేరు వెలుగుతుంటుంది, కెమెరా ఆరిపోయి ఉంటుంది. 'విద్యార్థి చేత మాట్లాడించడం ఎలా?' అనే అంశంపై రెండు గంటల ఏకధాటి ఉపన్యాసం. ప్రశ్నలకు టైం లేదు. ఫీడ్‌బ్యాక్ ఫారం అనగానే మాత్రం అందరూ దిగ్గున లేస్తారు. అది నింపకపోతే సర్టిఫికెట్ రాదు మరి.

ఈలోగా ఆయన క్లాసు చెబుతున్నదెవరు? గంటల లెక్కన డబ్బులందుకునే గెస్ట్ లెక్చరర్. (అవీ అందినప్పుడే అనుకోండి.) ఆ కుర్రాడికి ప్రమోషనే లేదు, ఇక సర్టిఫికెట్‌తో పనేముంది?

యూజీసీ వారికో విన్నపం: ఈ కేంద్రాలకు నాలుగో పేరు వెతికేముందు, ఓసారి ఆ గెస్ట్ లెక్చరర్ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని రండి.