పిన్‌కోడున్న చెట్టు

"నాన్నా, ఈసారి మీరిద్దరూ వస్తే స్విట్జర్లాండ్ చూపిస్తా" అన్నాడు మావాడు హాంబర్గ్ నుంచి. ఫోను స్పీకర్లో ఉంది. మా ఆవిడ విన్నది. ఆవిడ విన్నదంటే కొవ్వూరు విన్నట్టే. సాయంత్రానికల్లా పక్కవీధి వదినగారు వచ్చి, సినిమాల్లో హీరోయిన్లు మంచులో చీరలు కట్టుకుని గెంతుతారే, అచ్చం ఆ చోటే నిలబడి ఫోటో దిగమని చెప్పి వెళ్లింది. నాకొక మంకీ క్యాపు, తనకొక ఎర్ర షిఫాన్ చీర కొనుక్కొచ్చింది మా ఆవిడ.

తీరా వెళ్లాక తెలిసింది, స్విట్జర్లాండ్‌లు రెండున్నాయని. ఒకటి అసలుది. రెండోది జర్మనీలోనే ఉత్తరాన, హాంబర్గ్ దాటి బాల్టిక్ సముద్రం వైపు వెళ్తే తగిలే హోల్‌స్టైన్ స్విట్జర్లాండ్. మావాడు అబద్ధమాడలేదు, ముందున్న ఒక్క మాట మింగేశాడంతే. ఆ పేరు కూడా కొండల్ని చూసి పెట్టింది కాదు. 1885లో కెల్లర్‌జే అనే సరస్సు దగ్గర ఒకాయన హోటల్ తెరిచి, గిరాకీ కోసం దానికి ఆ పేరు తగిలించాడు. అది మెల్లిగా ఆ సీమకంతా పాకింది. మా ఊళ్లో తాజ్‌మహల్ టిఫిన్స్ ఉంది. అంతమాత్రాన ఊరిని ఆగ్రా అంటున్నామా?

ఆ సీమ ఉన్న రాష్ట్రం మొత్తానికి ఎత్తయిన కొండ అక్కడే ఉందని మర్నాడు కారెక్కించాడు. పేరు బుంగ్స్‌బెర్గ్. ఎత్తు 168 మీటర్లు. మీరు తప్పు చదవలేదు, మీటర్లే. కోటప్పకొండ పక్కన నిలబెడితే అరుగులా ఉంటుంది. దాని నెత్తిన ఒక టెలికాం టవరు కట్టారు, అది 179 మీటర్లు. మనిషి కంటే తలపాగా పొడుగన్నమాట. మంచు పడ్డ నాలుగు రోజులూ జనం స్కీయింగ్ చేసుకోవడానికి ఒక లిఫ్టు కూడా పెట్టుకున్నారు.

"పైన ఏ దేవుడురా?" అంది మా ఆవిడ.

"దేవుడు లేడమ్మా. వ్యూ ఉంటుంది."

అలిపిరి నుంచి 3550 మెట్లూ రెండుసార్లు ఎక్కిన మనిషి, దేవుడే లేని కొండకి తీసుకొచ్చినందుకు బుంగమూతి పెట్టింది. బుంగ్స్‌బెర్గ్ అన్న పేరు సార్థకమైందని నేను పైకి అనలేదు. పెళ్లయి ముప్పై అయిదేళ్లయింది, ఏది పైకి అనకూడదో ఆమాత్రం తెలుసు.

వ్యూ మాత్రం ఉంది, ఒప్పుకోవాలి. పసుపు ఆరబోసినట్టు పూసిన చేలు, మధ్యమధ్య నల్లటి అడవి, ఎక్కడ చూసినా నీటి మెరుపు. వేల ఏళ్ల కిందట మంచుయుగం పోతూపోతూ మట్టీ రాళ్లూ కుప్పలుగా వదిలేసిందట, అవి గుట్టలయ్యాయి. గుంటల్లో మిగిలిన మంచుగడ్డలు కరిగితే సరస్సులయ్యాయి. అన్నిట్లోకి పెద్దది ప్లోన్ ఊరి సరస్సు, 30 చదరపు కిలోమీటర్లకి అటూ ఇటూ. దాని ఒడ్డున గుట్ట మీద తెల్లటి కోట. 1630లలో ఒక డ్యూక్ కట్టించాడు. ఇప్పుడందులో కళ్లజోళ్లు చేసేవాళ్లకి చదువు చెబుతున్నారు. కోటలో రాజుగారిని చూద్దామని వెళ్తే, చత్వారం ఎంతుందో చూసి పంపుతారన్నమాట.

ఇక్కడి పాత జమీందారీల్ని గూట్ అంటారు. పెద్ద గేటు, లోపల చెట్ల బాట, చివర్న దివాణం, చుట్టూ రెల్లు కప్పిన గోదాములు. 1805 దాకా ఆ నేల దున్నే రైతు కూడా దొరగారి సొత్తే. దొర ఒప్పుకోకపోతే ఊరు దాటడానికి లేదు, పెళ్లి చేసుకోవడానికీ లేదు. మన దగ్గర 1948లో జమీందారీలు రద్దయ్యాక దివాణాల తలుపులూ దూలాలూ వేలానికి పోయాయి, గోడల్లో రావిచెట్లు మొలిచాయి. వీళ్లు ఒక్క పెంకు ఊడనివ్వలేదు. వాటిల్లోనే హోటళ్లు పెట్టుకుని, కచేరీలు చేసుకుని, పెళ్లిళ్లకి అద్దెకిచ్చుకుంటున్నారు. దొరతనం సంగతేమో గానీ, మరమ్మతు దగ్గర మాత్రం వీళ్లకి దణ్ణం పెట్టాలి.

పాంకర్ అనే గూట్‌లో ఒక పాత సత్రముంది. పేరు ‘ఓలె లీజె’, అంటే ముసలి లీజె. లీజె ఎవరో కాదు, గుర్రం. 18వ శతాబ్దం చివర్లో ఆ జమీ ఏలిన హెస్సెన్‌స్టైన్ ప్రభువు, తను స్వారీ చేసిన గుర్రం ముసలిదైపోతే దాని శేషజీవితం హాయిగా గడవడానికి ఈ చోటు ఏర్పాటు చేశాడని చెబుతారు. నేను రిటైరైన సబ్ పోస్ట్‌మాస్టర్ని. ఏటా నవంబరులో బతికున్నానని సర్టిఫికెట్ ఇచ్చుకుంటే గానీ పింఛను రాదు. ఆ బోర్డు మీది గుర్రాన్ని చాలాసేపు చూశాను. అసూయ అనను గానీ, అలాంటిదే ఏదో.

నడక మూడో రోజు మొదలైంది. మాలెంటె ఊరి పక్కన డీక్‌జే అనే సరస్సు చుట్టూ. "ఎంత దూరంరా?" అంటే "జస్ట్ పదమూడు కిలోమీటర్లు నాన్నా" అన్నాడు. కిరాణా కొట్టుకి బండి తీసేవాణ్ణి నేను. నాకు తెలిసి నడకలు మూడే రకాలు. డాక్టరు చెప్పిన నడక, దేవుడికి మొక్కుకున్న నడక, బస్సు తప్పిపోయిన నడక. వీళ్లది నాలుగో రకం. పొద్దున్నే లేచి, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, ఎక్కడికీ వెళ్లకుండా నడుస్తారు. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి, తృప్తిగా కేకు తింటారు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచినవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు, కానీ వాళ్లకి మధ్యలో అప్పన్నున్నాడు. ఇక్కడ మధ్యలో బాతులున్నాయి.

పులిహోర డబ్బా, మజ్జిగ సీసా, మూడు గొడుగులు ఉన్న సంచి నా భుజాన వేసింది మా ఆవిడ. వంద గజాలకోసారి ఎవరో ఒకరు ఎదురై, నవ్వి, "మోయిన్" అంటున్నారు. మొదట ఓర్చుకున్నాను. పదోవాడూ అలాగే అనేసరికి ఒళ్లు మండింది. "మోస్తూనే ఉన్నాగా! వీడెవడు మధ్యలో మొయ్యమనడానికి?" అన్నాను. మావాడు పడీపడీ నవ్వాడు. ఉత్తర జర్మనీలో పలకరింపే అదట. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఎప్పుడైనా మోయిన్. ఆ తర్వాత నేనూ ఎదురైన ప్రతివాడికీ మోయిన్ అని, అంటూ అంటూ సంచి మావాడి భుజానికి మార్చాను.

"బీచ్ అడవిలోంచి వెళ్దాం" అన్నాడు వాడు. సముద్రం కనిపిస్తుందేమోనని మా ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టింది. బీచ్ అంటే చెట్టట. నున్నటి బూడిదరంగు మొదళ్లు, ఏనుగు కాళ్లలా. కొత్త ఆకుల్లోంచి దిగే ఎండ అరటాకు మీద పడ్డ ఎండలా లేత పచ్చగా ఉంది. పక్షులు తప్ప చప్పుడు లేదు. కాసేపు మా ఆవిడ కూడా మాట్లాడలేదు. మావాడు కంగారుపడి "అమ్మా, కాళ్లు నొప్పా?" అన్నాడు.

నాలుగో రోజు నేను రానని మొండికేశాను. అప్పుడు తీశాడు వాడు తురుపుముక్క. "ఇవాళ వెళ్లేది చెట్టు దగ్గరికి నాన్నా. దానికి పోస్టల్ అడ్రస్ ఉంది."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో స్మశానానికి అడ్రసు రాసిన కవర్లు చూశాను, దేవుడికి రాసిన కార్డులు చూశాను. చెట్టుకి మాత్రం చూడలేదు. చెప్పులేసుకున్నాను.

ఓయిటిన్ ఊరి దగ్గర డోడావర్ అడవిలో ఉందది. ఓక్ చెట్టు, వయసు అయిదొందల ఏళ్లు ఉంటుందట. నేల నుంచి మూడు మీటర్ల ఎత్తున ఒక తొర్ర, దానికి ఆనించి నిచ్చెన. వెనకటికి ఆ అడవి అధికారి కూతురూ, లైప్‌జిగ్ చాక్లెట్ వ్యాపారి కొడుకూ ప్రేమించుకున్నారు. అమ్మాయి తండ్రి కుదరదన్నాడు. ఇద్దరూ ఈ తొర్రలో ఉత్తరాలు దాచుకున్నారు. ఆఖరికి తండ్రి దిగొచ్చాడు. 1891 జూన్ 2న ఈ చెట్టు కిందే పెళ్లి. అది తెలిసి పెళ్లికానివాళ్లంతా చెట్టుకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. 1927లో తపాలా శాఖ దీనికి చిరునామా ఇచ్చేసింది. పెళ్లికొడుకు ఓక్ అని పేరు. పోస్ట్‌మాన్ వచ్చి, నిచ్చెనెక్కి, తొర్రలో ఉత్తరాలు వేసిపోతాడు. ఇరవై ఏళ్లు అలా వేసిన ఒక పోస్ట్‌మాన్‌కి కూడా ఈ చెట్టే భార్యని చూసిపెట్టింది.

నిచ్చెన మీద ఒక కుర్రాడు కవర్లు చింపి చదువుతున్నాడు. నా గుండె ఆగినంత పనైంది. పరాయివాడి ఉత్తరం విప్పకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. ఇక్కడ ఎవరైనా, ఏదైనా విప్పి చదవొచ్చట. నచ్చితే తీసుకెళ్లి జవాబు రాస్తారు, లేకపోతే మళ్లీ తొర్రలో పెట్టేస్తారు. బట్వాడా కాని ఉత్తరం అంటూ ఉండదు. వేసిన చోటే ఉంటుంది, తగినవాడు వచ్చేదాకా.

ఇంకా ఉంది. పున్నమి రాత్రి పెళ్లికాని పిల్ల మాట్లాడకుండా, నవ్వకుండా, కావలసినవాణ్ణి తలుచుకుంటూ ఈ చెట్టుకి మూడు ప్రదక్షిణలు చేస్తే ఏడాదిలో పెళ్లవుతుందని నమ్మకం. ఇంతకీ ఈ చెట్టుకే పెళ్లి చేశారు, 2009లో. మనం రావికీ వేపకీ చేస్తాం కదా, అలాగే. పెళ్లికూతురు డ్యూసెల్‌డార్ఫ్ దగ్గరి ఒక చెస్ట్‌నట్ చెట్టు. కాపురం అయిదొందల కిలోమీటర్ల దూరంలో, అచ్చం మన సాఫ్ట్‌వేర్ దంపతుల్లా. ఆరేళ్లకి ఆవిడకి జబ్బు చేసి పోయింది.

"దేవుడు లేడన్నావు కదరా!" అని మా ఆవిడ చెంపలేసుకుంది. పట్టపగలే మూడు ప్రదక్షిణలు మొదలుపెట్టింది. మాట్లాడకూడదన్నది గుర్తుచేశాను. "మీరు ఊరుకోండి, పెళ్లి నాక్కాదుగా" అంది. మావాడికి ముప్పై ఒకటి నిండాయి. వాడు సిగ్గుతో దూరంగా వెళ్లి ఫోటోలు తీసుకుంటున్నాడు. ఆ సందులో ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి మడిచిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. తెలుగులో రాసింది. వాడి ఎత్తు, చదువు, జీతం, నక్షత్రం అనూరాధ, మూడో పాదం. ఎప్పుడు రాసిందో! చెట్టు దగ్గరికి తీసుకొచ్చినవాడికి తెలీదు గానీ, తల్లికి ముందే తెలిసినట్టుంది. నేను నిచ్చెనెక్కి తొర్రలో వేశాను. నా సర్వీసులో ఆఖరి బట్వాడా అదే.

ఆడపిల్లల తల్లిదండ్రులకు మనవి: బ్రోయ్‌టిగామ్స్‌ఐషె, డోడావర్ ఫోర్స్ట్, 23701 ఓయిటిన్, జర్మనీ. కవరు మీద చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. లోపల తెలుగైనా ఫరవాలేదు, అక్కడ ఇప్పటికే ఒకటి ఉంది.